కింద రాసిన మాట

మూడు పౌన్లన్నాడు ఓల్డ్‌రాయిడ్.
ఆదివారం పొద్దున, బ్రాడ్‌ఫర్డ్ శివార్లో
వాన ఆగీ ఆగని మైదానంలో
కారు డిక్కీ తెరిచి పెట్టాడు.
తుప్పు పట్టిన రెంచీలు, చెవి విరిగిన టీ కప్పులు,
మూత లేని కుక్కరు,
దాని కింద ఈ బొమ్మ.
"ఫ్రేమ్ మంచిది. బొమ్మ తీసి పారేసుకో" అన్నాడు.
రెండున్నరకి ఇచ్చాడు.

నూట ఎనభై ఏళ్ల కిందటి పారిస్ బస్సు.
గుర్రాలు కనబడవు. లోపల మనుషులే,
ఊరగాయ జాడీలో ముక్కల్లా.
మధ్యలో ఓ లావాటాయన
నోరు తెరుచుకుని నిద్ర.
టోపీ ఒక పక్కకి, తల ఇంకో పక్కకి,
ఆ తల పక్కావిడ భుజం మీదికి.
ఆవిడ ముక్కు చూడాలి!
గీసినవాడు ఒక్క గీతతో
ఏడు తరాల వంశాన్నీ ఆ ముక్కు మీద కూర్చోబెట్టాడు.
గొడుగు నిటారుగా పట్టుకుని
మనకేసే చూస్తుంది:
చూశారా అండీ, చూశారా.

కాగితం ఏదో పాత పేపరుది.
వెనక అచ్చు ముందుకి ఊరి
ఆవిడ బుగ్గ మీద అంకెలు,
ఆయన బొజ్జ మీద తలనూనె ప్రకటన.
పకోడీ పొట్లం విప్పి
నూనె మరకల్లోంచి సగం వార్త చదివినదాన్ని,
అది నాకు కొత్త కాదు.
కొరుకుడు పడనిదల్లా కింద రాసిన మాట.
రెండు వరసల ఫ్రెంచి.

ఆస్పత్రి లాండ్రీలో నాతో దుప్పట్లు మడిచే
మదాం ఎంబుయికి ఫోన్లో ఫోటో చూపించాను.
దుప్పటి అటు కొస ఆమె చేతిలో,
ఇటు కొస నా చేతిలో.
చదివింది. నవ్వింది.
ఆ నవ్వుకి దుప్పటి జారి నేల మీద పడింది,
మళ్లీ ఉతకాలి.
"ఏం రాశాడు?"
"ఆరు పైసల టిక్కెట్టుకి దిండు కూడా ఇస్తారు, అని."
మర్నాడు అడిగితే
"అయ్యా, మీరు దిగాల్సిన చోటు నా భుజం కాదు, అని."
శుక్రవారం ఇంకోటి చెప్పింది,
అది ఇక్కడ రాయను.
ఏది నిజం మదాం, అంటే
"బొమ్మ నిజం. మాట ఎవడో
జీతానికి రాసుంటాడు" అంది.

ఆ వారమే, రాత్రి డ్యూటీ దిగి
తెల్లవారుజాము బస్సెక్కాను.
అద్దాల నిండా ఆవిరి,
తడి కోట్ల వాసన.
పక్కన ఓ కుర్రాడు, సిమెంటు అంటిన బూట్లు.
మొదటి స్టాపులో కళ్లు మూశాడు,
రెండో స్టాపులో తల ఊగింది,
మూడో మలుపులో వచ్చి
నా భుజం మీద వాలింది.
సంచి నిటారుగా పట్టుకున్నాను.
ఎదురు సీట్లకేసి చూశాను:
చూశారా, చూశారా.
వాళ్లు ఫోన్లలోంచి తలెత్తి
ఓ నవ్వు నవ్వి మళ్లీ దించుకున్నారు.

అప్పుడు అద్దంలో కనిపించింది ఆ ముక్కు.
మా మేనత్త విశాలాక్షమ్మదని
ఇన్నాళ్లూ అనుకుంటున్నాను.

తల పక్కకి నెట్టలేదు.
జాలి అనుకునేరు!
నెడితే లేస్తాడు, లేస్తే సారీ అంటాడు,
సారీ అంటే పర్లేదనాలి.
పన్నెండు గంటల దుప్పట్ల తర్వాత
పర్లేదనే ఓపిక నాకు లేదు.

షిప్లీ వచ్చిందట. వెళ్లిందట.
"కీత్లీ వచ్చేసింది, లవ్" అని
డ్రైవరు సీటు మీద తట్టేదాకా నాకు తెలీదు.
నా చెంప ఆ కుర్రాడి జుట్టులో ఉంది,
సంచి ఎక్కడో కాళ్ల కింద ఉంది,
నోరు తెరిచే ఉందని
డ్రైవరు ముఖమే చెప్పింది.
ఇద్దరం ఒకేసారి సారీ అన్నాం.
ఎవరమూ పర్లేదనలేదు.

బొమ్మ ఇప్పుడు వంటింట్లో, ఫ్రిజ్ పైన.
ఫ్రెంచి మాట కింద చీటీ అంటించి
పెన్సిల్‌తో రాశాను:
నిద్ర సుఖమెరగదు.
మొన్న టీకి వచ్చిన మదాం ఎంబుయి
కళ్లజోడు పెట్టుకుని, మెలికలు తిరిగిన ఆ అక్షరాల్ని
చాలాసేపు చూసింది.
"ఏం రాశావు?"
"ఆరు పైసలకే దిండు కూడా, అని."
రేపు అడిగితే ఇంకోటి చెబుతాను.